వాలు నెరిగి కొండ నెక్కుట

కొండను జూచి వెనుదిరుగు వారిలో పెక్కుమందిని వెనుకకు మరల్చునది వారి బలహీనత కాదు, వారు వేసికొనిన లెక్క. "ఇంత యెత్తు నేనెక్కగలనా?" యని తమ్ము దామే ప్రశ్నించుకొని, వయస్సును, ఊపిరిని, మోకాళ్లను తలచుకొని, పరీక్షకు గూర్చుండక మునుపే తప్పితిమని తీర్పు చెప్పుకొందురు. ఆ ప్రశ్న సగము ప్రశ్న. ఎత్తెంతయో యడిగితిరి గాని, ఆ యెత్తును ఎంత దూరమునకు పంచి యెక్కవలసియున్నదో యడుగలేదు. రెండవ సగమును గూడ చేర్చి యడిగినవానికి, ఎన్నడును తన వలన గాదనుకొనిన పర్వతము తన వాకిటినుండి బయలుదేరి దాటదగినంత సులువైన మార్గముగా గానవచ్చుట కలదు.

ఈ యధ్యాయము సైకిలు యాత్రను గూర్చినది. కళాశాల విడిచిన నాడే సైకిలును గూడ విడిచి, ఇరువది ముప్పది యేండ్ల పిమ్మట మరల దాని నెక్కవలెనని ముచ్చటపడుచు, మోటారు వాహనముల రద్దీకి జంకి, కొండత్రోవ యనగానే నిరాశపడు వారి కొరకు వ్రాయబడినది. దృష్టాంతముగా నొక మార్గమును దీసికొందము. అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని పిట్స్‌బర్గు నగరమునుండి మేరీల్యాండు రాష్ట్రములోని కంబర్లాండు పట్టణము వరకు, అలెగెనీ పర్వతములను దాటిపోవు ఆ మార్గమునకు గ్రేట్ అలెగెనీ పాసేజ్ అని పేరు. దాని నిడివి 150 మైళ్లు, అనగా సుమారు 240 కిలోమీటర్లు. అచ్చటచ్చట అడ్డువచ్చు రోడ్లను దాటవలసినను, ఈ త్రోవ మీద చాలవరకు కార్లు, లారీలు నడువవు. పిట్స్‌బర్గు మనవారికి క్రొత్త యూరు గాదు. 1970ల నాడే అచటి పెన్‌హిల్స్ ప్రాంతమున శ్రీ వేంకటేశ్వరాలయము వెలసి, ఆ దేశమందలి తెలుగువారి కెల్ల యాత్రాస్థలమైనది. ఆ కోవెలకు పోయినవారు మరునాడు నదీసంగమము కడకు వచ్చి ఈ త్రోవ నందుకొనవచ్చును.

రైలు మలచిన వాలు

ఈ మార్గము సైకిలువారి కొరకు పుట్టినది కాదు. రైలుబండి కొరకు పుట్టినది. అందులోనే దాని గుణమంతయు నున్నది. ఉక్కు చక్రము ఉక్కు పట్టా మీద బహు తేలికగా దొర్లును. ఆ నునుపే ఎత్తున శత్రువగును. వాలు కొంచెము హెచ్చెనా, చక్రము పట్టు దప్పి తిరిగినచోటనే తిరుగును. కావున రైలుదారి వేయు ఇంజనీర్లు నూరు మీటర్ల దూరమునకు ఒకటి రెండు మీటర్లకు మించి దారి నెత్తుటకు వెనుకాడుదురు. కొండ యడ్డువచ్చిన తొలిచి సొరంగము వేయుదురు. లోయ యడ్డువచ్చిన వంతెన గట్టుదురు. రెండును కుదరనిచోట నది వంపులను బట్టి తామును వంగి పోవుదురు. విశాఖపట్నమునుండి అరకులోయకు రైలులో పోయినవారు, ఒక సొరంగము వెంట మరియొక సొరంగము వచ్చుటయు, బండి కొండ చుట్టు వంపులు దిరుగుటయు జూచియుందురు. అది కంటికి వేడుక గాని, దాని వెనుకనున్న ధర్మము ఈ వాలు నియమమే.

అలెగెనీ కొండలలో వెస్టర్న్ మేరీల్యాండు రైల్వేవారు కంబర్లాండునుండి కానెల్స్‌విల్ వరకు వేసిన దారి 1912లో పూర్తియైనది. బొగ్గు, కోకు, ఉక్కు నడిపించిన కాలమది. పోటీ రైలుదారి నదికి ఆవలి గట్టున ముందే యుండుట చేతను, కాలము మారుట చేతను, 1975లో ఆ పర్వతభాగమున బండ్లు నిలిచిపోయినవి. పట్టాలు తీసివేయబడెను, కట్టలు, వంతెనలు, సొరంగములు మిగిలెను. వాటిని పొదలకు విడిచిపెట్టక, నడుచువారికిని సైకిలువారికిని అప్పగింపవలెనని కొందరు స్థానికులు పూనుకొనిరి. 1986లో ఓహయోపైల్, కాన్‌ఫ్లూయెన్స్ గ్రామముల నడుమ తొలి భాగము తెరువబడినది; పిట్స్‌బర్గు నడిబొడ్డు వరకు మార్గమంతయు కలిసినది 2013లో. అనగా ఇరువదియేడు సంవత్సరములు ఒక వంతెన వెనుక నొక వంతెనగా, ఒక గ్రామము వెనుక నొక గ్రామముగా సాగిన పని. నేటికిని దారి ప్రక్క గడ్డి కోయుట, పడిన చెట్లను తొలగించుట వంటి పనులలో చాలభాగము ఆయా ఊళ్ల స్వచ్ఛంద సంఘములవారే చేయుచున్నారు.

ఎత్తును దూరముతో భాగించుట

ఇక లెక్కకు వత్తము. పిట్స్‌బర్గు సముద్రమట్టమునకు సుమారు 220 మీటర్ల యెత్తున నున్నది. మార్గమందలి అత్యున్నత స్థలము 729 మీటర్లు. నడుమ దూరము సుమారు 203 కిలోమీటర్లు. ఐదువందల పైచిలుకు మీటర్ల యెత్తు అంత దూరమునకు పంచబడగా, సగటున నాలుగువందల అడుగులు ముందుకు బోయినచో ఒక్క అడుగు పైకి లేతుము. కంబర్లాండు వైపునుండి వచ్చువారికి లెక్క వేరు: సుమారు 540 మీటర్ల యెత్తు 38 కిలోమీటర్లలోనే యెక్కవలెను, సగటు వాలు నూటికి ఒకటిన్నరకు కొంచెము తక్కువ. కొండ యొక్కటే, రెండు వైపులనుండి రెండు విధములైన యారోహణములు.

వాలు హెచ్చుతగ్గుల వలన దేహమునకు గలుగు భేదమును ఇట్లు గ్రహింపవచ్చును. నూటికి ఆరు వాలున్న ఘాట్ రోడ్డు మీద మీటరు ముందుకు బోయిన ప్రతిసారియు, మిమ్మును, మీ సైకిలును, మీ మూటలను ఆరు సెంటీమీటర్లు పైకెత్తుకొనుచున్నారు. నూటికి ఒకటిన్నర వాలు మీద ఎత్తుకొనునది ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. కొండకొమ్ము చేరునప్పటికి ఎత్తిన మొత్తము సమానమే యైనను, ఒకే వేగమున బోయినచో నిమిషమునకు ఎత్తుటలో పడు భారము నాలుగవ వంతునకు దగ్గర. మనల నలయించునది మొత్తము కంటె నిమిషము లెక్కనే మోపబడు భారము. గుండె దడదడలాడుట, ఊపిరి యాడకపోవుట, మోకాలు పట్టుకొనుట యనునవి యన్నియు నిమిషము లెక్కకు సంబంధించినవి. గేరుల ప్రయోజనము గూడ నిదియే: చిన్న గేరులో పెడలు ఎక్కువ మారులు త్రొక్కవలసి వచ్చినను, ఒక్కొక్క త్రొక్కున పడు బరువు తగ్గును. ప్రక్కవానితో మాట తెగకుండ సంభాషింపగలిగినంత నెమ్మదిగా త్రొక్కుడు. మాట తెగినచో గేరు దింపుడు. దీనికి మించిన కొలమానము ప్రారంభకునకు అవసరము లేదు.

ఏ దేశమున, ఏ కొండల నడుమ త్రోవ నెన్నుకొనునప్పుడైనను నాలుగు ప్రశ్నలకు సమాధానము దెలిసికొని గాని బయలుదేరవలదు. మొత్తము ఎంత యెత్తు ఎక్కవలెను? అందులో మిక్కిలి నిటారైన భాగము ఎంత దూరము, ఎంత వాలు? నేల యెట్టిది: తారా, కంకరా, మట్టియా? నీరును తిండియు దొరకు చోట్ల నడుమ ఎంత యెడము? వీనిలో రెండవదానినే జనులు మరచెదరు. సగటు వాలు స్వల్పమైనను, నడుమ నొక్క కిలోమీటరు గోడవలె లేచినచో దినమంతయు దాని వలన చెడును. పాత రైలుదారుల మహోపకార మేమనగా, అట్టి గోడలు వానిలో నుండవు.

సైకిలును, సామానును

ఈ దారి చాలవరకు మెత్తగా పిండియై దిమ్మిసతో అణచబడిన సున్నపురాతి పొడితో పరచబడినది. పొడిగా నున్నపుడు తారురోడ్డుకు దాదాపు సమానముగా నుండును. వాన కురిసినచో కొంచెము మెత్తబడి చక్రమును పట్టును. పందెపు సైకిళ్ల సన్నని టైర్లు దీనికి దగవు. 35 మొదలు 45 మిల్లీమీటర్ల వెడల్పుగల టైర్లు, అందులో గాలి మరీ బిగువుగా గాక నింపినవి, హాయిగా నడచును. సీటు ఎత్తును సరిచూచుకొనుట ముఖ్యము: పెడలు అడుగుకు వచ్చినపుడు మడమ దానిపై నుంచిన కాలు నిటారుగా చాగవలెను, అప్పుడు పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు కొంచెము వంగి యుండును. మోకాళ్ల నొప్పితో సైకిలు మానుకొన్న వారిలో పలువురకు చికిత్స అవసరమైనది మోకాలికి గాదు, సీటునకు.

సామానును వీపున మోయవలదు. క్యారియరునకు ఇరుప్రక్కల వ్రేలాడు సంచులలో, బరువైనవి అడుగున నుండునట్లు సర్దుకొనుడు. ఒక ట్యూబు, పంపు, పంక్చరు సామాను, దీపము, గంట, వానకోటు, ఒక ఉన్ని చొక్కా చాలును. శాకాహారులు తమ యేర్పాటు తాము చేసికొనుట మేలు; ఇంటినుండి దెచ్చిన పులిహోర మొదటి దినమునకు వచ్చును గాని, తరువాతి దినములకు అటుకులు, వేరుసెనగలు, ఖర్జూరములు, బెల్లపుండలు వంటివి సంచిలో నుంచుకొనుడు. ఆకలి వేయక మునుపే తినుట, దాహము గాక మునుపే త్రాగుట యను సూత్రము సైకిలు యాత్రికునకు ప్రథమ నియమము. ఆకలి తెలిసిన పిమ్మట తిన్న తిండి కొంతసేపు గడచిన గాని కాళ్లకు రాదు. రక్తపోటు, మధుమేహము, హృద్రోగము గలవారు వైద్యుని సలహా గైకొని, తమ మందులు చేతికి దగ్గరగా నుంచుకొనవలెను.

దూరదేశమునకు బోక మునుపు దగ్గరలోనే అభ్యాసము చేయవలెను. హైదరాబాదువారికి బాహ్యవలయ రహదారి ప్రక్కన, సౌరఫలకముల కప్పు క్రింద 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ప్రారంభమైనది. మోటారు బండ్ల భయము లేని అట్టి తావున వారమునకు మూడు మారులు గంటసేపు త్రొక్కి, నెల గడచిన పిమ్మట ఒక ఆదివారము సామానుతో నలుబది కిలోమీటర్లు పోయి, మరునాడు మరల సీటుపై గూర్చుండగలరో లేదో చూచుకొనుడు. మరునాడు గూర్చుండగలిగినవాడు యాత్రకు సిద్ధమైనట్లే.

అయిదు దినముల క్రమము

దిట్టమైనవారు ఈ మార్గమును మూడు దినములలో ముగింతురు. ప్రారంభకులకు నా సలహా ఐదు దినములు, పిట్స్‌బర్గునుండి బయలుదేరుట. ఇటుల బోయినచో ఎత్తు నెమ్మదిగా వచ్చును, దేహము దానికి అలవడును, కడపటి దినమున దిగుడు బహుమానముగా లభించును.

మొదటి దినము పిట్స్‌బర్గు నుండి వెస్ట్ న్యూటన్ వరకు, 58 కిలోమీటర్లు. అలెగెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహయో నది యగు సంగమస్థలమున యాత్ర యారంభమగును. దారి పాత ఉక్కు కర్మాగారముల స్థలముల మీదుగా పోవును. హోమ్‌స్టెడ్ కడ, 1892 నాటి ప్రసిద్ధమైన కార్మిక సంఘర్షణ జరిగిన చోట, కర్మాగారము పోయి ఇటుక పొగగొట్టములు మాత్రము వరుసగా నిలిచియున్నవి. మెకీస్‌పోర్టు వద్ద యాకియోగేనీ నది కలియును. అటుపిమ్మట రెండు దినములకు పైగా ఆ నదియే మీకు తోడు. రెండవ దినము కానెల్స్‌విల్ వరకు, 40 కిలోమీటర్లు. మూడవ దినము కాన్‌ఫ్లూయెన్స్ వరకు, 43 కిలోమీటర్లు. ఈ దినమున ఓహయోపైల్ కనుమ వచ్చును. నది పెద్ద వంపు దిరిగి జలపాతమై దుముకుచుండగా, మార్గము వంతెనల మీదుగా దానిని రెండు మారులు దాటును. ఫ్రాంక్ లాయిడ్ రైట్ నిర్మించిన ఫాలింగ్ వాటర్ గృహము ఇచటికి కొలది మైళ్ల దూరముననే యున్నది గాని, అచటికి బోవు త్రోవ నిటారైన మోటారు రోడ్డు. చూడదలచినవారు వాహనమున పోయి వచ్చుట యుచితము.

నాల్గవ దినము మేయర్స్‌డేల్ వరకు, 48 కిలోమీటర్లు. యాకియోగేనీని విడిచి కేసెల్‌మన్ నది వెంట పైకి సాగుదురు. దినాంతమున సాలిస్‌బరీ వంతెన యెదురగును. దాని పొడవు 582 మీటర్లు. దాని నడుమ సైకిలు దిగి కమ్మీ నానుకొని క్రిందికి జూడుడు: లోయ యడుగున నది, నది ప్రక్క నేటికిని గూడ్సు బండ్లు నడచుచున్న పోటీ రైలుదారి, ఆ ప్రక్క లారీలు పరుగెత్తు రాజమార్గము. మూడు విధములైన ప్రవాహములు మీ పాదముల క్రింద బోవుచుండ, వానిలో నేదియు మీ దారికి రాదు. కొండ ప్రాంతమున రద్దీ లేని త్రోవ యనగా జనులు రద్దీ లేని దేశమును ఊహింతురు. ఇక్కడ రద్దీ యున్నది. దానికిని మీకును నడుమ ఎవరో ముందుచూపుగలవారు ఎడము కల్పించిరి.

ఐదవ దినము కంబర్లాండు వరకు, 51 కిలోమీటర్లు. ఉదయమున దాదాపు పదమూడు కిలోమీటర్లు ఎక్కగా ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ అను జలవిభాజక రేఖ వచ్చును. అచ్చట రోడ్డు క్రిందుగా పోవు చిన్న దారి ప్రక్కన మార్గమంతటి ఎత్తుపల్లములను చూపు రేఖాచిత్రము గీయబడియున్నది. ఒక వైపు గీత బహుదూరము సాగి బద్ధకముగా లేచును. రెండవ వైపు గీత కురుచగా దిగజారును. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినదంతయు ఆ గీతలో నున్నది. ఇచట కురిసిన వానలో పడమటికి జారిన బొట్టు ఒహయో, మిసిసిపీ నదులలో గలిసి మెక్సికో సింధుశాఖను జేరును. తూర్పునకు జారినది పొటోమాక్ నదిలో గలిసి చెసాపీక్ అఖాతమునకు బోవును.

అటుపిమ్మట బిగ్ సావేజ్ సొరంగము. ఒక కిలోమీటరు పొడవు; లోపల దీపములున్నవి గాని, మీ దీపమును గూడ వెలిగించుకొనుడు. ఎక్కివచ్చిన చెమటతో లోపల ప్రవేశించినవారికి చలి యొక్కసారిగా తగులును. ముఖద్వారము కడనే ఉన్ని చొక్కా తొడిగికొనవలెను. ఆవలి ముఖమున మేరీల్యాండు కొండల దృశ్యము విశాలముగా దెరచుకొనును. మరికొంత దూరమున 1763 మొదలు 1767 వరకు కొలువబడిన మేసన్-డిక్సన్ సరిహద్దు గుర్తును దాటుదురు. ఇక దిగుడే. బ్రేకును ఎడతెగక పట్టియుంచక, పట్టుచు విడుచుచు దిగుడు. సుఖమైన దిగుడునందే పరాకు హెచ్చు.

కాలమును, మర్యాదయు

బిగ్ సావేజ్ సొరంగమును చలికాలమున మంచువలన కట్టడము చెడకుండుటకై మూసివేయుదురు; కావున డిసెంబరు మొదలు ఏప్రిలు తొలిదినముల వరకు పూర్తి యాత్ర తలపెట్టరాదు. మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు మాసములు శ్రేష్ఠము. అక్టోబరులో ఆకులు రంగులు మారును. ఆ కాలమున బస లభించుట కష్టము గనుక ముందుగా నిశ్చయించుకొనవలెను.

దారిలో కుడిప్రక్క నడువవలెను. ముందువారిని దాటునపుడు గంట కొట్టి యెడమప్రక్కగా దాటవలెను. మన దేశమున ఎడమప్రక్క నడచుటకు అలవడిన మనకు ఈ యొక్క నియమము మొదటి దినమున పదేపదే జ్ఞప్తికి దెచ్చుకొనవలసియుండును. రోడ్డు అడ్డువచ్చిన ప్రతిచోట ఆగి, రెండు ప్రక్కల జూచి దాటుడు. ఫ్రాస్ట్‌బర్గు, కంబర్లాండుల నడుమ మార్గము ఇప్పటికిని బండి నడచుచున్న పట్టాల ప్రక్కనే పోవును. అందు బ్రష్ సొరంగమును రైలును సైకిళ్లును గూడ వాడుకొనును. బండి వచ్చునట్లున్నచో లోనికి బోక బయటనే నిలువవలెను.

కంబర్లాండునుండి పిట్స్‌బర్గునకు ఆమ్‌ట్రాక్ రైలులో సైకిలుతో గూడ తిరిగి రావచ్చును. దినమునకు ఒక్క బండియే గనుక, సైకిలునకు గూడ ముందే చోటు కోరి యుంచుకొనుడు. ఇంకను ఉత్సాహము మిగిలినవారికి అక్కడినుండియే చెసాపీక్ అండ్ ఒహయో పాతకాలువ గట్టు ఆరంభమై, 297 కిలోమీటర్లు సాగి వాషింగ్టను చేరును. అది మట్టిదారి, వానకు బురదయగును. మొదటి యాత్రలో దాని జోలికి బోకుండుట మంచిది.

అయిదు దినములు చిక్కనివారు విచారింపవలదు. ఓహయోపైల్ నుండి కాన్‌ఫ్లూయెన్స్ వరకు గల తొలి భాగము సుమారు పదునారు కిలోమీటర్లు. అద్దె సైకిళ్లు ఓహయోపైల్‌లోనే దొరకును. అమెరికాలోని బిడ్డల కడకు వెళ్లి కిటికీ వద్ద గూర్చుండి దినములు లెక్కపెట్టు తల్లిదండ్రులకు ఒక శనివారమున ఆ భాగమును చూపుడు. అరువది యేండ్ల వారు అడవి నడుమ, నది ప్రక్కన, వెనుకనుండి హారను మ్రోగదను నిశ్చింతతో పోవుట వారి యారోగ్యమునకే గాక ఆత్మవిశ్వాసమునకును బలమిచ్చును.

చేయవలసిన పని

ఈ అధ్యాయమును చదివి మూసివేయక, ఈ వారములోనే ఒక్క పని చేయుడు. మీరు ఎక్కదలచిన కొండ నొకదాని నెన్నుకొని, బయలుదేరు చోటికంటె దాని యెత్తెంతయో పటము చూచి వ్రాసికొనుడు. దానికి బోవు ప్రతి దారి పొడవును వ్రాసికొనుడు. ఎత్తును పొడవుతో భాగించి నూరుతో హెచ్చింపుడు. నూటికి రెండు లోపు వచ్చిన దారి యున్నచో, ఆరోగ్యవంతుడైన ఎవడైనను నెల యభ్యాసముతో దానిపై బోవచ్చును. రెండు మొదలు ఐదు వరకు వచ్చినచో మూడు నాలుగు మాసముల సాధన కావలెను. అంతకు మించినచోట దిగి నెట్టుకొని పోవుడు. నడచుటయు యాత్రలో భాగమే. సులువైన దారి యేదియు లేనిచో చుట్టుదారి వెదకుడు. దూరము పెరిగినదని విచారింపవలదు, దూరమే మీ మిత్రము.

మరియొక కర్తవ్యము కలదు. అలెగెనీ మార్గమున నేడు పోవు ప్రారంభకుడు తన కాలిబలముతో మాత్రమే పోవుచున్నాడనుకొనుట పొరబాటు. 1912 నాటి కూలీలు కొండను తొలిచి వాలు దీర్చిరి. 1986 తరువాతి గ్రామస్థులు ఆ వాలును కాపాడి తెరచిరి. వారి శ్రమలో సగము అతని కాళ్లలో నున్నది. కావున యాత్ర ముగించినవాడు రెండవసారి ఒంటరిగా వేగము పెంచుకొనుటకు బోరాదు. సైకిలు విడిచి యేండ్లు గడచిన బంధువునో, ఇరుగుపొరుగువారిలో నొకనినో వెంటబెట్టుకొని, వాని సీటు ఎత్తును తానే సరిచేసి, వాని మాట తెగనంత నెమ్మదిగా వాని ప్రక్కన త్రొక్కవలెను. తన కొరకు ఇతరులు వాలు తీర్చిన త్రోవన కొండ దాటినవాడు, మరియొకనికి ఆ మాత్రము వాలు తీర్చి యిచ్చుట ధర్మము.